నిన్న ఏం తిన్నారు?

మా వాడ ఆడవాళ్ళు చక్కగా తింటున్నారని ఒక అంతర్జాతీయ నివేదికలో అచ్చయింది. చేపలు, గుడ్లు, పాలు, ఆకుకూరలు, అన్నీ తగుపాళ్ళలో తింటున్నారట. సముద్రం మీదికొస్తున్న తీరాల్లో కూడా పాత ఆహారపు అలవాట్లు చెక్కుచెదరలేదనడానికి మేమే ఉదాహరణట. ఆ మాటలన్నీ నా నోటి మీదుగానే ఇంగ్లీషులోకి వెళ్ళాయి. అందుకే ఈ సంగతి నేనే రాయాలి. వేరేవాళ్ళు రాస్తే మళ్ళీ బాగా తింటున్నామనే రాస్తారు.

నేను మచిలీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. పుట్టింది మాత్రం దివిసీమలో, నాగాయలంక దాటి రోడ్డు అయిపోయిన చోట, చేపల వేట మీద బతికే ఇంట్లో. స్కూల్లో చేరిన కొత్తల్లో నేను స్టాఫ్ రూములో క్యారేజీ తెరిస్తే పక్కన కూర్చునే లెక్కల టీచరు లేచి కిటికీలన్నీ తెరిచేది. ఎండుచేపల కూర అని ఆవిడకి వాసనతోనే తెలిసేది. ఏమీ అనేది కాదు, చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ రెక్కల్ని ఒక్కొక్కటే నెమ్మదిగా తెరిచేది. ఆవిడ రిటైరై చాలాకాలమైంది. నేను మర్చిపోలేదు. నేనేదీ మర్చిపోనని మా ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు. మర్చిపోవడం మంచి గుణమని చెప్పేవాళ్ళంతా ఎవరినో ఒకర్ని నొప్పించినవాళ్ళేనని నా అనుభవం.

సరే, విషయానికొస్తాను. ఒకరోజు మా స్కూలుకి ఒక ప్రాజెక్టు కోఆర్డినేటర్ గారు వచ్చారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. దివిసీమ యాసా తెలిసి ఇంగ్లీషూ వచ్చిన ఆడమనిషి కావాలట. మా ప్రిన్సిపాల్ నన్ను చూపించారు. ఆయన చెప్పిందంతా ప్రిన్సిపాల్‌తోనే చెప్పారు, నేను ఎదురుగా నిలబడి ఉండగానే. ప్రతి ఏడాదీ దేశాలన్నీ ఒకచోట చేరి వాతావరణం గురించి మాట్లాడుకుంటాయట. ఇన్నాళ్ళూ బొగ్గు, పొగ, చెట్లు అని మాట్లాడారు. ఇప్పుడు తిండి గురించి కూడా మాట్లాడాలని పట్టుబడుతున్నారట. సముద్రపు నీళ్ళు పొలాల్లోకొచ్చిన చోట మనుషులు ఏం తింటున్నారో సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం కోసం దివిసీమలో కొన్ని వాడలు చూస్తారు. అందులో తిండి బాగా తక్కువైన వాడల్ని ఎంచి, ఒక వంటశాల పెడతారు. గర్భిణులకీ, బాలింతలకీ, చంటిపిల్లలకీ రోజూ చేపతోనో గుడ్డుతోనో ఒక పూట నిండు భోజనం.

ఆ వంటశాల అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా పుట్టింటి వాడలో మా తమ్ముడి భార్యకి నాలుగో నెల. రక్తం చాలా తక్కువుందని అవనిగడ్డ ఆసుపత్రిలో డాక్టరమ్మ మందలించి పంపింది. మాత్రలు వేసుకుంటోంది. మాత్రలతో పాటు తినాల్సింది ఇంట్లో ఉండొద్దూ? మొదటి కాన్పులోనే బిడ్డ బరువు తక్కువ పుట్టింది, తల్లి నెలల తరబడి గోడ పట్టుకుని నడిచింది. ఇప్పుడు కడుపులో ఉన్నదానికి ఒక పూట నిండు భోజనం దొరుకుతుందా లేదా అన్నదే నాకు ముఖ్యం. దేశాలు ఏం మాట్లాడుకుంటాయన్నది ఆ తర్వాత. కోఆర్డినేటర్ గారు నా వైపు చూడకుండా మాట్లాడటాన్ని కూడా దానికోసమే దిగమింగాను.

మా వాడలో తిండి ఎలా పోయిందో చెప్పాలి. మా చిన్నప్పుడు కరకట్ట అవతల వరి ఉండేది. మాది కాదు, కోతలకెళ్తే కూలికి గింజలిచ్చేవాళ్ళు. కట్ట మీద మునగచెట్లు, అరటి, తోటకూర మళ్ళు. గేదెలకి కావలసినంత గడ్డి. ఇప్పుడు పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు మురుగు కాలవల్లోంచి ఎగదన్ని పొలాల మీద పడుతున్నాయి. వరి చచ్చింది. చచ్చిన పొలాల్లో రొయ్యల చెరువులు తవ్వారు. చెరువు గట్ల మీద గడ్డి మొలవదు కాబట్టి గేదెలు పోయాయి, గేదెలతో పాలు పోయాయి. మిగిలింది సముద్రం. అందులో దొరికే పెద్ద చేప ఎగుమతికి వెళ్తుంది. నెత్తళ్ళలాంటి చిన్నచేప, ఒకప్పుడు కొనేవాడు లేక మేం కడుపునిండా తిన్నది, ఇప్పుడు మేత ఫ్యాక్టరీల లారీలు ఒడ్డునే ఎత్తుకెళ్ళిపోతాయి. దాన్ని పిండి చేసి రొయ్యలకి మేపుతారు. ఆ రొయ్యలు ఓడలెక్కి వెళ్తాయి. మా పిల్లలు తినాల్సిన చేప రొయ్య పొట్టలో దూరి ఏ దేశం చేరుతుందో లెక్కలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరి కంచంలోంచి పోయిందో అడిగేవాళ్ళు లేరు.

ఇక రెండోది, అసలైనది. మా వాడలో మగవాళ్ళు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఆడవాళ్ళు ‘లేదు’ అనరు. ఉప్పు లేదనరు, నూనె లేదనరు, చేప లేదని అసలే అనరు. అంటే వల ఖాళీగా తిరిగొస్తుందని భయం. ఇంకా గట్టిగా నమ్మేవాళ్ళకి మనిషే తిరిగి రాడని భయం. పక్కింటామె చేబదులు బియ్యానికొస్తే ‘సాయంత్రం రా’ అని పంపేస్తారు. ఏం కూర అని ఎవరైనా అడిగితే ఉన్న కూర పేరు చెప్పరు, ఉండాల్సిన కూర పేరు చెప్తారు. మా దగ్గర అది అబద్ధం కిందికి రాదు. మా అమ్మ అలాగే చెప్పేది, వాళ్ళమ్మా అలాగే చెప్పేది.

అందుకే సర్వేకి ముందే నేను కోఆర్డినేటర్ గారికి ఫోన్ చేశాను. పొద్దున వెళ్ళొద్దండీ, మధ్యాహ్నం బోట్లు ఒడ్డుకొచ్చాక వెళ్దాం, అప్పుడైతే నిజం చెప్తారు అన్నాను. కారణం కూడా విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ప్రశ్నలన్నీ ఎన్నో దేశాల్లో పరీక్షించి తయారుచేసినవని, వాటికి వేళతో పని లేదని చెప్పారు. ఆ దేశాల్లో మొగుడు సముద్రం మీదున్న ఆడదాన్ని ఎవరైనా అడిగారా అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, మీరు సరదాగా మాట్లాడతారండీ అన్నారు. నేను సరదాకి అనలేదు.

నేను ముందు రాత్రే తమ్ముడింటికి చేరాను. పొద్దున్నే సర్వేవాళ్ళు వచ్చారు. తుఫాను షెల్టరు వరండాలో కూర్చోబెట్టారు. విదేశం నుంచి వచ్చిన నిపుణురాలికీ, కోఆర్డినేటర్ గారికీ, ట్యాబులు పట్టుకున్న ఇద్దరు అమ్మాయిలకీ కుర్చీలు. మా ఆడవాళ్ళు కింద. నాకు కుర్చీ వేయలేదు. కుర్చీలు చాల్లేదన్నారు. వాళ్ళ బ్యాగులకి మాత్రం ఒక కుర్చీ ఉంది. మా వాడకొచ్చినవాళ్ళ ముందు నిలబడి నేను తర్జుమా చేశాను.

ప్రశ్న ఒక్కటే. నిన్న పొద్దున లేచినప్పట్నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారు? మొదటావిడ అన్నం, పప్పు, చేపల పులుసు, పెరుగు అంది. మొదటావిడకంటే తక్కువ చెప్తే తన మొగుడి వేట తక్కువన్నట్టు, కాబట్టి రెండో ఆమె రెండు రకాల చేపలు చెప్పి, గుడ్డు కలిపింది. మూడో ఆమె గుడ్డు, పాలు, గోంగూర పప్పు. ఇంకొంతసేపటికి ఒకావిడ యాపిల్ అంది. మా వాడలోకి యాపిల్ వచ్చేది ఎవరైనా ఆసుపత్రి పాలైతేనే. నేను మాట్లాడే కొద్దీ నిపుణురాలి మొహం వికసించిపోతోంది. ట్యాబుల మీద వేళ్ళు టకటకలాడుతున్నాయి.

నేను ఆపి కోఆర్డినేటర్ గారికి చెప్పాను. ఇది నిజం కాదండీ, బోట్లు నీళ్ళ మీదున్నాయి, అందుకే ఇలా చెప్తున్నారు అని.

“మేడమ్, వాళ్ళు చెప్పింది చెప్పండి చాలు. మీ అభిప్రాయం అడగలేదు కదా” అన్నారు.

ఆ ‘కదా’ ఇప్పటికీ చెవిలో ఉంది. ఊరుకోలేక నిపుణురాలికే ఇంగ్లీషులో చెప్పబోయాను. నా వాక్యం పూర్తికాకముందే ఆయన అందుకుని, ఊరొదిలి పట్నంలో స్థిరపడినవాళ్ళకి సొంత ఊళ్ళో పేదరికమే కనిపిస్తుందండీ, ఇది మామూలే అని నవ్వుతూ వివరించారు. ఆవిడ నా భుజం తట్టింది. నన్ను ఎవరైనా భుజం తడితే నాకు ఒంటి మీద బల్లి పడ్డట్టుంటుంది.

తర్వాత మా మరదలి వంతు వచ్చింది. పాలిపోయిన మొహం, గోళ్ళలో రక్తపు చుక్క లేదు. అడిగారు. తలొంచుకుని, అన్నం, నెత్తళ్ళ కూర, ఉడకబెట్టిన గుడ్డు, రాత్రి పడుకోబోయే ముందు పాలు అంది. నేను తర్జుమా చేయలేదు. నిన్న రాత్రి నువ్వేం తిన్నావో నాకు తెలీదనుకున్నావా, నీ కోసమే కదే ఈ తిప్పలన్నీ అని దానిమీద విరుచుకుపడ్డాను.

అది తలెత్తి నెమ్మదిగా అంది: “వదినా, మీ తమ్ముడు నీళ్ళ మీదున్నాడు. ముందు ఆయన్ని ఇంటికి రానియ్యి.”

ట్యాబు పట్టుకున్న అమ్మాయికి తెలుగొచ్చు. నా కోసం ఆగకుండా గుడ్డు, పాలు నొక్కేసుకుంది.

కొన్ని వారాల తర్వాత గుడివాడలో ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. ఎంపికైన వాడల పేర్లు అక్కడే చదువుతారని నన్ను పిలిచారు. వేదిక మీద పెద్ద తెర. తిండి గురించి మాట్లాడకుండా వాతావరణ ఒప్పందాలు రాసుకోవడం అన్యాయమని ఒక ఆయన ఆవేశంగా మాట్లాడారు. ప్రతి మాటా నిజమే. ఒక్క మాటతో కూడా నాకు పేచీ లేదు. ఆ నిజాలన్నీ అంత చల్లటి గదిలో, అంత మెత్తటి కుర్చీల్లో కూర్చుని విన్నాను. పేర్లు చదివారు. మాది లేదు. మా వాడ ఫోటో మాత్రం తెర మీద వేశారు, తీరప్రాంతాల్లో మంచి ఆహారానికి నమూనా అని. ఫోటోలో మా మరదలి మొహం ఒక పక్కగా కనిపిస్తోంది.

లేచి నిలబడ్డాను. మైకు ఇమ్మన్నాను. ఇచ్చినట్టే ఇచ్చి, రెండు వాక్యాలు పూర్తవకుండానే, లంచ్ ఆలస్యమవుతోందండీ, తర్వాత విడిగా మాట్లాడుకుందాం అని తీసేసుకున్నారు. పైగా గ్రామీణ మహిళల గొంతుని ప్రపంచానికి వినిపించినందుకని వేదిక మీదికి పిలిచి నాకు శాలువా కప్పారు. కుర్చీ మీద వదిలేసి బయటికొచ్చేస్తే, మర్చిపోయారండీ అంటూ ఒకాయన గేటుదాకా పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టాడు.

భోజనాల దగ్గరే నాకు అసలు రోత పుట్టింది. రొయ్యల వేపుడు, రొయ్యల పలావు, రొయ్యలతో ఇంకేదో. మా నెత్తళ్ళు తిని బలిసిన రొయ్యలే. ఒక్కో ప్లేటులో సగానికి సగం వదిలేసి డబ్బాల్లో పడేస్తున్నారు. డబ్బా పక్కనే ఆహారాన్ని వృథా చేయకండని బోర్డు, కింద భూగోళం బొమ్మ. నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పామర్రు దాకా బస్సులో నిలబడి వచ్చాను, అక్కడ దివిసీమ బస్సు కోసం ఎదురుచూస్తూ టీ కొట్టు ముందు ఖాళీ కడుపుతో కూర్చున్నాను.

ఆ రోజు నుంచి వాళ్ళని వదల్లేదు. ఫోన్లు చేశాను, మెయిళ్ళు పెట్టాను, విజయవాడ ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను. నన్ను చూడగానే అక్కడి అమ్మాయి కంప్యూటర్ వెనక్కి తలదించుకునేది. చివరికి నా పోరు పడలేక ఇంకోసారి వస్తామన్నారు. మధ్యాహ్నమే రావాలి, బోట్లు వచ్చాకే అడగాలి అని షరతు పెట్టాను. సరేనన్నారు.

ముందురోజే వెళ్ళి వాడలో ఇల్లిల్లూ తిరిగాను. మధ్యాహ్నం వస్తారు, మగాళ్ళు ఒడ్డునే ఉంటారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అని బతిమాలాను. సగంమంది తలూపారు. మా పక్కింటామె మాత్రం వాకిట్లో చేపలు ఆరబెట్టే వల మడతపెడుతూ, నా వైపు చూడకుండా, “మేం మారాణుల్లా తింటున్నామని మొన్న నీ నోటితోనే చెప్పావు కదా టీచరమ్మా. ఇప్పుడు బిచ్చగత్తెలమని చెప్తావా?” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

మర్నాడు టిఫిన్ల వేళకే కారు వచ్చింది. బోట్లు ఇంకా నీళ్ళ మీదే ఉన్నాయి. నిపుణురాలు లేదు, ఆ దేశాల సమావేశానికి ముందే వెళ్ళిపోయిందట. కోఆర్డినేటర్ గారు కూడా అక్కడికే వెళ్తున్నారు, సాయంత్రం గన్నవరంలో విమానం పట్టుకోవాలట. మధ్యాహ్నం దాకా ఆగడం కుదరదన్నారు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వాచీ చూసుకుంటూ విన్నారు.

తలూపిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోయారు. పిలిస్తే వచ్చినవాళ్ళు మళ్ళీ పులుసు, గుడ్డు, పాలు అనే అన్నారు. నేను తర్జుమా చేయనన్నాను. ట్యాబు అమ్మాయి తనే రాసుకుంది.

అప్పుడు మా మరదలు వచ్చింది. కడుపు బాగా ఎత్తుగా కనిపిస్తోంది. గోడకానుకుని మెల్లిగా కింద కూర్చుంది. నిన్న ఏం తిన్నారమ్మా అని ఆ అమ్మాయి అడిగింది. మరదలు ఒకసారి సముద్రం వైపు చూసింది.

“పొద్దున ఏం తినలేదు. మధ్యాహ్నం రేషన్ బియ్యం అన్నం, చింతకాయ పచ్చడి. రాత్రి ఆ అన్నంలోనే నీళ్ళు పోసుకుని ఉల్లిపాయ నంజుకున్నాను. చేప లేదు. గుడ్డు లేదు. పాలు లేవు.”

వరండాలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కింటామె తన మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది, మా గాలి సోకకూడదన్నట్టు. మరదలు అక్కడి నుంచి లేవడానికి నా చెయ్యి అడిగింది.

కోఆర్డినేటర్ గారు నన్ను పక్కకి పిలిచి, ఒక్క ఇంటి జవాబుతో సర్వేలో వాడకొచ్చిన మార్కులు మారవండీ, మిగతావాళ్ళని కూడా ఒప్పించండి, ఇంకాసేపు ఉంటాం అన్నారు. ఆయన మరదలి దగ్గరికెళ్ళి ఫోన్ తీసి, “చాలా బాగా చెప్పారమ్మా. ఒక్క ఫోటో తీసుకోవచ్చా? అక్కడ చూపిస్తాం” అన్నారు. అది కొంగు మొహం మీదికి లాక్కుంది. నువ్వెళ్ళు బాబూ, నీ విమానం వెళ్ళిపోతుంది అన్నాను. వెళ్ళారు. వాళ్ళ కారు ఇసకలో దిగబడితే మా వాడ పిల్లలే తోసి పంపించారు.

తర్వాత ఒడ్డున కూర్చున్నాం. ఇల్లు దగ్గరే ఉన్నా మరదలు లోపలికి రానంది. బోట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. తమ్ముడిది రాలేదు. వాడ ఆడవాళ్ళు మాకు దూరంగా, గుంపుగా నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎండ నడినెత్తికొచ్చింది. నా కొంగు కప్పి, నీళ్ళు తాగమంటే మరదలు తాగనంది. దాని పెదవులు కదులుతున్నాయి. దేవుడికి మొక్కుకుంటోందో, అన్న మాట వెనక్కి తీసుకుంటోందో నేను అడగలేదు. ఆ కోఆర్డినేటర్ గారు ఈ వేళకి గన్నవరం దారిలో ఎక్కడో కాఫీ తాగుతూ ఉంటారని మాత్రం అనుకున్నాను. ఒక కడుపుతో ఉన్న మనిషి చేత ఈ మాట అనిపించి, జవాబు చాల్లేదు ఇంకొందరి చేత అనిపించండి అని వెళ్ళినవాడి మీద నాకు కోపం కూడా రాలేదు, అసహ్యమేసింది.

చివరికి తమ్ముడి బోటు వచ్చింది. ఇంజను మొరాయించిందట, ఇంకో బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. వేట మామూలే, నాలుగైదు బాక్సుల నెత్తళ్ళు. వాడు ఇంకా నీళ్ళలో ఉండగానే ఎవరో వెళ్ళి చెప్పేశారు. వాడు నేరుగా నా దగ్గరికొచ్చాడు. భార్య వైపు చూడలేదు.

“అక్కా, మా ఇంటికి ఇంకెవర్నీ తీసుకురాకు” అన్నాడు.

నా కోసం కాదురా అని నేను మొదలుపెట్టేసరికి వాడు వెనక్కి తిరిగి బాక్సులు మోయడానికి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు స్కూలు ఫీజుల కోసం వాణ్ణి మానిపించి నన్ను చదివించారని వాడు ఎప్పుడూ అనలేదు. ఆ రోజు వాడి వీపు చూస్తే అన్నట్టే ఉంది.

లారీ సిద్ధంగా ఉంది. బాక్సుల మీద ఐసు వేసి ఎక్కిస్తున్నారు. మరదలు లేచింది. ఎవరి సాయమూ అడగలేదు. ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ లారీ దగ్గరికి వెళ్ళి, కింద ఉన్న బాక్సులోంచి రెండు చేతులా నెత్తళ్ళు తీసి కొంగులో పోసుకుంది. మళ్ళీ తీసింది.

లారీవాడు తగవుకి రాలేదు, మర్యాదగానే అన్నాడు. “అమ్మా, అది ఐసు పెట్టేసిన బాక్సండీ. మాకు లెక్క ఉంటుంది.”

“ఐసు మీరే ఉంచుకోండి” అంది.

తమ్ముడు నిలబడి చూశాడు. వాడి మొహంలో కోపమా, సిగ్గా నాకు తెలీలేదు. కొంగు నిండాక, తమ్ముడే వంగి ఆ బాక్సుని లారీకి దూరంగా లాగేశాడు. ఇలాగైతే రేపట్నుంచి మీ బోటు దగ్గర ఆగమని లారీవాడు చెప్పి, మిగతావి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

వాకిట్లో ఇద్దరం కూర్చుని చేపలు బాగుచేశాం. ఆ మొండి కోఆర్డినేటర్‌కి మళ్ళీ రాస్తానని, ఈసారి పైవాళ్ళకి కూడా రాస్తానని నేను చెప్తూనే ఉన్నాను. అది నెత్తళ్ళ తలలు గిల్లుతూనే, “వదినా, ఆ కారువాళ్ళు మళ్ళీ వస్తారా?” అంది.

రారు అన్నాను.

“అయితే నయమే. ఆ చింతపండు ఇటియ్యి” అంది.